ఆరో అలెగ్జాండర్ పోపు: విషం కథలు పక్కన పెట్టి చూస్తే

డిగ్రీ పిల్లలకు ఐరోపా చరిత్ర చెప్పడం నా పని. పునరుజ్జీవన కాలం పాఠం మొదలవగానే ఎవరో ఒకరు ఆరో అలెగ్జాండర్ పోపు గురించి, ఆయన కుటుంబం బోర్జియాల గురించి అడుగుతారు, ఎందుకంటే ఓటీటీలో ఏదో సీరియల్ చూసి ఉంటారు, లేకపోతే 'చరిత్రలోనే అతి దుర్మార్గుడైన పోపు' అని యూట్యూబ్ వీడియో ఏదైనా కంటపడి ఉంటుంది. విషప్రయోగాలు, అన్నాచెల్లెళ్ల సంబంధం, రాత్రి విందులు అందరికీ తెలుసు. ఆయన పోపు ఎలా అయ్యాడు, అయ్యాక ఆ అధికారాన్ని దేనికి వాడుకున్నాడు అంటే మాత్రం చెప్పేవాళ్లుండరు. నాకు బాధగా ఉండేది ఇక్కడే. ఈయన చేసిన తప్పులకు కాగితాల్లో రుజువులు చాలానే ఉన్నాయి, పుకార్ల హోరులో అవి ఎవరికీ వినపడటం లేదు.

అపోహ: డబ్బు వెదజల్లి రాత్రికి రాత్రే పోపు అయిపోయాడు

డబ్బు నడవలేదని నేననను. కానీ ఆ గెలుపు వెనక 35 ఏళ్ల ఆఫీసు పని ఉంది.

ఆరో అలెగ్జాండర్ అసలు పేరు రోడ్రిగో బోర్జియా. 1431లో స్పెయిన్‌లోని వాలెన్సియా దగ్గర షాతివా అనే ఊళ్లో పుట్టాడు. ఆయన దశ తిప్పింది మేనమామ. ఆ మేనమామ 1455లో మూడో కలిక్స్‌టస్ పేరుతో పోపు అయ్యాడు, మరుసటి ఏడాదికల్లా పాతికేళ్ల మేనల్లుడు కార్డినల్ (పోపు తర్వాతి స్థాయి మతాధికారి, కొత్త పోపును ఎన్నుకునేది వీళ్లే), 1457లో చర్చికి వైస్ ఛాన్సలర్. యూనివర్సిటీ పదవిలాంటిది అనుకోవద్దు. పోపు పేరు మీద వెళ్లే ఉత్తర్వులు, బిషప్పుల నియామకాలు, రకరకాల మినహాయింపులు అన్నీ ఆ ఆఫీసు నుంచే బయటికి వెళ్లాలి, దాదాపు ప్రతిదానికీ రుసుము ఉంటుంది. మేనమామ 1458లోనే పోయాడు. అండ పోయింది కదా అని ఈయన పదవి పోలేదు, ఆ తర్వాత వచ్చిన నలుగురు పోపుల దగ్గరా అదే కుర్చీలో కూర్చున్నాడు. యూరప్‌లో ఏ రాజుకు ఏం కావాలో, ఏ కార్డినల్ ఎక్కడ ఇరుక్కున్నాడో తెలిసిన మనిషి రోమ్‌లో ఇంకొకడు లేడు.

1492 ఆగస్టు కాంక్లేవ్‌లో, అంటే పోపును ఎన్నుకునే సభలో, ఓటు వేసింది 23 మంది కార్డినళ్లు, గెలవాలంటే మూడింట రెండొంతుల మంది కావాలి. ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది, దాన్ని సీరియళ్లు చూపించవు. కార్డినల్ ఎవరైనా పోపు అయితే అప్పటిదాకా తన చేతిలో ఉన్న పదవులు, బిషప్రిక్కులు (బిషప్పు కింద ఉండే ప్రాంతాలు), కోటలు అన్నీ ఖాళీ అవుతాయి, వాటిని మళ్లీ పంచాలి. అంటే అందరికంటే ఎక్కువ పోగేసినవాడి దగ్గరే పంచడానికీ ఎక్కువ ఉంటుంది. బోర్జియా దగ్గర ఉన్నంత ఆస్తి మిగతావాళ్లలో ఎవరి దగ్గరా లేదనే చెప్పాలి. మిలాన్ పక్షం నాయకుడు అస్కానియో స్ఫోర్జా తాను గెలవలేనని తేలాక ఇటు మొగ్గాడు, ఎన్నిక కాగానే వైస్ ఛాన్సలర్ పదవీ బోర్జియా సొంత భవనమూ అస్కానియోకే దక్కాయి. ఇది ఖాయం. నాలుగు కంచరగాడిదల మీద వెండి మోయించి అస్కానియో ఇంటికి పంపాడన్న కథ ఉంది చూశారూ, అది ఇన్ఫెస్సురా అనే రోమన్ రాసుకున్న ఊరి మాట. ఆయన కాంక్లేవ్ లోపల లేడు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి: ప్రత్యర్థి జూలియానో డెల్లా రొవెరేను గెలిపించడానికి ఫ్రాన్స్ రాజు రెండు లక్షల డ్యూకట్లు (అప్పటి బంగారు నాణేలు) బ్యాంకులో వేశాడని కూడా అప్పట్లో రోమ్‌లో చెప్పుకున్నారు.

అపోహ: పిల్లలున్న పోపు ఈయనొక్కడే

కానే కాదు. ఈయనకు ముందున్న ఎనిమిదో ఇన్నోసెంట్ తన కొడుకుకు ఫ్లోరెన్స్ నగరాన్ని నడిపిన మెడిచి లొరెంజో కూతురినిచ్చి పెళ్లి చేశాడు. తర్వాత వచ్చిన రెండో జూలియస్‌కు ఫెలీచె అనే కూతురుంది. అలెగ్జాండర్ పిల్లల్ని దాచలేదు, అంతటితో ఆగనూ లేదు, చర్చి ఆస్తిని, సైన్యాన్ని, రాయబారాన్ని వాళ్ల కోసం నడిపాడు. తప్పు పట్టాల్సింది అక్కడ.

అపోహ: పోపు కూతురు లుక్రేజియా విషం ఉంగరం పెట్టుకుని తిరిగేది, తండ్రితో అన్నతో సంబంధం ఉండేది

ఈ అమ్మాయికి జరిగినంత అన్యాయం చరిత్రలో తక్కువ మందికి జరిగింది. విషం పెట్టి ఎవరినైనా చంపిందనడానికి ఆధారం ఒక్కటి కూడా లేదు. ఇక రెండో నింద ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 13 ఏళ్లకే ఆమెను జొవాన్నీ స్ఫోర్జాకిచ్చి చేశారు. కొన్నాళ్లకు పోపుకు ఆ వియ్యంతో లాభం లేదనిపించింది, పెళ్లి రద్దు చేయాలనుకున్నాడు, దానికి చూపించిన కారణం భర్త కాపురానికి పనికిరాడని. ఆ మాట ఒప్పుకుని సంతకం పెట్టమని 1497లో అతణ్ని అన్ని వైపుల నుంచీ ఒత్తిడి చేశారు. పరువు పోయిన ఆ మనిషి, పోపు తన కూతుర్ని తన దగ్గరే ఉంచుకోవడానికి ఇదంతా చేస్తున్నాడని మిలాన్‌లో అన్నాడు. ఆ మాట రాయబారుల ఉత్తరాలకెక్కింది, వాళ్ల శత్రువుల నోళ్లలో పెరిగింది, ఐదు వందల ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, అంటే వాళ్లకేం లాభం అని మూడు ప్రశ్నలు వేయమని మా పిల్లలకు చెబుతుంటాను, ఈ ఒక్క నిందను అలా పరీక్షిస్తే చాలు, మిగతావి ఎలా చూడాలో వాళ్లకే తెలిసిపోతుంది.

ఆమె రెండో భర్త అల్ఫాన్సోను 1500 జులైలో సెయింట్ పీటర్స్ మెట్ల దగ్గర కత్తులతో పొడిచారు. ఆమె దగ్గరుండి సేవ చేసి బతికించుకుంటుంటే ఆగస్టు 18న అన్న సెజారే మనిషి మికెలెట్టో వచ్చి గొంతు నులిమి చంపాడు. రాజకీయం మారింది, ఆ అల్లుడి అవసరం తీరిపోయింది. తర్వాత లుక్రేజియా ఇటలీలోనే ఉన్న ఫెరారా రాజ్యానికి కోడలిగా వెళ్లి, అక్కడ బురద నేలలు కొని, కాలువలు తవ్వించి, నీళ్లు తోడించి సాగులోకి తెచ్చింది. 1519లో, 39 ఏళ్ల వయసులో, కాన్పు తర్వాత చనిపోయింది. ఈ సంగతి ఏ వీడియోలోనూ నాకు కనపడలేదు.

అలాగని బోర్జియాల మీద విషం మాటలన్నీ కల్పితమే అని కూడా నేను చెప్పను. 1503 ఏప్రిల్‌లో చనిపోయిన కార్డినల్ మికియెల్ విషయంలో అనుమానం గట్టిదే. అయినా అక్కడ కూడా సేవకుడి ఒప్పుకోలు వచ్చింది చిత్రహింసలో, అదీ బోర్జియాల శత్రువు పోపుగా ఉన్నప్పుడు. 1501 అక్టోబర్ చివర్లో సెజారే గదుల్లో జరిగిందంటున్న వేశ్యల విందు సంగతీ అంతే. రాసింది పోపు కొలువులో వేడుకల అధికారి బుర్కార్డ్, పొడిపొడిగా ఉన్నదున్నట్టు రాసే మనిషి, కాబట్టి కొట్టిపారేయలేం. చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. నేను తరగతిలో 'జరిగింది' అని చెప్పను, 'బుర్కార్డ్ ఇలా రాశాడు' అంటాను.

అపోహ: ప్రపంచాన్ని రెండు ముక్కలు చేసి పంచేశాడు

1493 మే నెలలో అట్లాంటిక్‌లోని అజోర్స్, కేప్ వర్డ్ దీవులకు 100 లీగుల (లీగు అప్పటి దూరం కొలత) పడమర గీత గీసి, అవతలివి స్పెయిన్‌కు ఇస్తూ ఉత్తర్వు జారీ చేసిన మాట నిజం. అదే ఏడాది ఆయన కొడుకు హువాన్‌కు స్పెయిన్ రాజు దగ్గరి బంధువుతో పెళ్లయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. అయితే ఆ గీతకు పోర్చుగల్ ఒప్పుకోలేదు. రెండు దేశాలూ నేరుగా మాట్లాడుకుని 1494లో టోర్డెసిల్లాస్ ఒప్పందంలో దాన్ని 370 లీగులకు జరిపాయి. బ్రెజిల్ పోర్చుగల్ వాటాలో పడింది ఈ జరపడం వల్లే. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ చేరేనాటికి రోమ్‌లో పోపు ఈయనే, కానీ ఆ దారి పోర్చుగీసువాళ్లు దశాబ్దాలుగా వెతుక్కున్నది, పోపు ఇచ్చింది కాదు.

అపోహ: ఇంకొకరికి కలిపిన విషం తానే తాగి చచ్చాడు

ఆగస్టు రోమ్‌లో జ్వరాల నెల. చుట్టూ చిత్తడి నేలలు, దోమలు, మలేరియా. 1503 ఆగస్టు మొదట్లో కార్డినల్ కాస్టెల్లేసి తోటలో పోపు, కొడుకు సెజారే భోజనం చేశారు, 12న ఇద్దరూ జ్వరంతో పడ్డారు, 18న తండ్రి పోయాడు. విషం అయితే అన్ని రోజులు ఆగి పనిచేయడం కష్టం. శవం నల్లబడి ఉబ్బిపోయిందని, పెట్టెలో పట్టక వడ్రంగులు పిడికిళ్లతో కుక్కారని బుర్కార్డ్ రాశాడు, జనం అది చూసే విషం అన్నారు. ఆ ఎండకు 72 ఏళ్ల భారీ మనిషి శవం అలా అవడానికి విషం అక్కర్లేదు.

అపోహ: చర్చిని సంస్కరించాలనే ఆలోచనే ఆయనకు రాలేదు

వచ్చింది. అందుకే ఆయన మీద నాకు కోపం ఎక్కువ.

1497 జూన్ 14 రాత్రి కొడుకు హువాన్ కనపడకుండా పోయాడు. రోమ్‌లోని టైబర్ నది ఒడ్డున కట్టెల కాపలా ఉన్న ఒక వ్యాపారిని పిలిచి అడిగారు. తెల్లగుర్రం మీద ఒకడు వచ్చాడనీ, వెనక శవం వేలాడుతోందనీ, తల చేతులు ఒకవైపు, కాళ్లు ఇంకోవైపు ఉన్నాయనీ, దాన్ని నదిలో విసిరాక అంగీ నీటిమీద తేలుతుంటే రాళ్లు వేసి ముంచారనీ చెప్పాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, ఇదే చోట వంద శవాలు పడటం చూశాను, ఎవరూ ఎప్పుడూ అడగలేదు అన్నాడు. 16న శవం దొరికింది, ఒంటిమీద తొమ్మిది గాయాలు, సంచిలో 30 డ్యూకట్లు చెక్కుచెదరలేదు. చంపింది తోబుట్టువు సెజారేనే అని ఇప్పుడు అందరూ అనేస్తారు గానీ ఆ మాట గట్టిగా వినిపించింది నెలలు గడిచాకే, మొదట అనుమానించింది ఒర్సినీలు, స్ఫోర్జాలు అనే పెద్ద కుటుంబాలను. నేటికీ తేలలేదు.

తండ్రి రోజుల తరబడి అన్నం ముట్టలేదు. కార్డినళ్ల సభలో, ఏడు పోపు పదవులున్నా ఇచ్చేసి కొడుకును బతికించుకునేవాడినన్నాడు. ఆరుగురు కార్డినళ్లతో సంస్కరణల సంఘం వేశాడు. వాళ్లు పని చేశారు కూడా: పదవుల అమ్మకం ఆపాలి, కార్డినళ్ల ఆదాయానికీ పరివారానికీ హద్దు పెట్టాలి అంటూ ముసాయిదా తయారైంది. అది జారీ కాలేదు. సెజారే 1498లో కార్డినల్ పదవి వదిలేసి ఫ్రాన్స్ రాజు దగ్గర డ్యూక్ అయ్యాడు, ఇటలీలోని రొమాన్యా ప్రాంతాన్ని గెలవడానికి బయల్దేరాడు, యుద్ధానికి డబ్బు కావాల్సి వచ్చింది. 1500 సెప్టెంబర్‌లో ఒకేసారి 12 మందిని కార్డినళ్లుగా చేశారు. వాళ్ల దగ్గర వసూలైన సొమ్ము సెజారే సైన్యానికి వెళ్లింది.