పెంగ్విన్ ఆటతో వచ్చిన వాల్ట్జ్

భీమవరం వైపు ఓ కాలేజీ వార్షికోత్సవంలో పిల్లలు బీథోవెన్ ఐదో సింఫనీని పాత వీడియో గేమ్ సౌండ్లతో వినిపించారు, అక్కడే వయొలిన్ నేర్పే మాస్టారికి ఒళ్లు మండింది, నిరుడు చల్లారిందనుకున్న గొడవ మళ్లీ వాట్సాప్ గ్రూపులకెక్కింది. మాస్టారి మాట ఒకటే: అది సంగీతం కాదు, వెక్కిరింత.

ఇలాంటప్పుడు అందరూ 1968లో వెండీ కార్లోస్ మూగ్ సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) మీద బాఖ్ సంగీతాన్ని వాయించిన సంగతి ఎత్తుకుంటారు. తెలిసిందే కదా, వదిలేద్దాం. మన డెల్టా వరకూ అసలు మలుపు పెంగ్విన్ ఆట.

దాని పేరు 'అంటార్కిటిక్ అడ్వెంచర్'. కొనామి 1983లో ఎంఎస్‌ఎక్స్ కంప్యూటర్‌కి చేసి, 1985లో ఫామికామ్‌కి, అంటే నింటెండో వాళ్ల వీడియో గేమ్ పెట్టెకి, తెచ్చింది. పెంగ్విన్ మంచు మీద పరిగెడుతుంటే మోగేది ఫ్రెంచ్ స్వరకర్త వాల్డ్‌టాయ్‌ఫెల్ 1882లో రాసిన డాన్సు సంగీతం 'స్కేటర్స్ వాల్ట్జ్'. తొంభైల్లో ఫామికామ్ నకిలీ పెట్టెలు మా ఊళ్లోకి దిగాయి. గంటకింతని కట్టి ఆడేవాళ్లం. ఐస్ అంటే రొయ్యల ట్రేల్లో కొట్టి పోసేదే తెలిసిన మేం, మంచు మీద జారేవాళ్ల పేరుతో రాసిన ఆ వాల్ట్జ్‌ని సాయంత్రాలు సాయంత్రాలు విన్నాం. చాలా ఏళ్లకి ఆర్కెస్ట్రాలో విని, పెంగ్విన్ పాటని ఇంతమంది కలిసి వాయిస్తున్నారేంటి అనుకున్నాను.

మా తర్వాతివాళ్లే ఈ పిల్లలు. వాళ్లు వాడిన సౌండ్లు ఆ ఫామికామ్‌వే. దాని చిప్‌కి ఉన్నవి ఐదే గొంతులు: రెండు పల్స్ (బీప్‌లాంటివి), ఒక ట్రయాంగిల్ (మెత్తటిది), ఒక నాయిస్ (బుస్సుమనేది), ఒక శాంపిల్ (రికార్డు చేసిన శబ్దం). ఐదో సింఫనీ మొదట్లో తీగ వాయిద్యాలూ క్లారినెట్లూ అన్నీ ఒకే స్వరం పలుకుతాయి కాబట్టి అక్కడ ఆ ఐదు గొంతులే ఎక్కువ. తర్వాత మూడు నాలుగు స్వరాలు ఒకేసారి కావాల్సిన చోట వాటిని ఒకే గొంతులో కళ్లు మూసి తెరిచేలోగా ఒకదాని వెంట ఒకటి గిరగిరా తిప్పుతారు, చెవి కలిసి మోగినట్టే నమ్ముతుంది. ఏ వాయిద్యం ఉంచాలి, ఏది వదిలేయాలి అని నెలల తరబడి స్కోరు (స్వరాలు రాసిన కాగితాలు) ముందేసుకుని కూర్చున్నవాళ్లని వెక్కిరించారని ఎలా అంటాం?

మాస్టారి అభ్యంతరంలో నిజం లేకపోలేదు. ట్రయాంగిల్‌కి వాల్యూమ్ తగ్గించే వీలే లేదు, బీథోవెన్ మెల్లగా అన్నచోట కూడా అది అదే గొంతుతో మోగుతుంది.

ఈ ఏడాది వార్షికోత్సవానికి ఐటమ్స్ ఎంపిక చేసే కమిటీలో మాస్టారు కూడా ఉన్నారు.