పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు: జాబితా ఎలా పెరిగింది, నిర్ధారణ ఎక్కడ తప్పుతోంది

పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాల అంతర్జాతీయ జాబితాలో ఇప్పుడు 550కి పైగా జబ్బులున్నాయి. 1970లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిటీ తొలి వర్గీకరణకు కూర్చున్నప్పుడు పట్టుమని ఇరవై కూడా లేవు.

అప్పట్లో రక్తంలో ఏది లేదో దాన్నిబట్టే పేరు పెట్టేవారు. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లతో ఆసుపత్రి పాలవుతున్న ఎనిమిదేళ్ల బాలుడి సీరంలో గామా గ్లోబులిన్ (యాంటీబాడీలుండే ప్రొటీన్ల భాగం) అసలే లేదని ఎలక్ట్రోఫోరెసిస్‌లో గుర్తించారు. దాన్నే నెలకు 3.2 గ్రాముల చొప్పున చర్మం కింద ఎక్కిస్తే బాలుడు కోలుకున్నాడు. దానికి కారణమైన బీటీకే జన్యువు 1993లో గానీ దొరకలేదు. రోగనిరోధక వ్యవస్థను నడిపించే టీ కణాలు (ఒక రకం తెల్లకణాలు) తయారుకాని ‘స్కిడ్’ జబ్బులో మగపిల్లలకు ఎక్కువగా వచ్చే రకానికి మూలమైన జన్యువు బయటపడింది కూడా ఆ ఏడాదే.

జన్యువులు తెలిసేకొద్దీ పాత గీతలు చెరిగిపోయాయి. స్టాట్1 జన్యువునే తీసుకోండి. అది పనిచేయకపోతే క్షయ జాతి సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. అతిగా పనిచేస్తే నోటిపూత లాంటి ఫంగస్ ఇన్ఫెక్షన్లు వదలవు. ఒకే జన్యువుకు రెండు జబ్బులు. కొందరికి ఇన్ఫెక్షన్ల కన్నా ముందు రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే ఆటో ఇమ్యూన్ సమస్యలు, అంతుచిక్కని జ్వరాలు కనిపిస్తాయి. అందుకే నిపుణుల కమిటీ ‘లోపం’ అన్న మాటకే పరిమితం కాకుండా రోగనిరోధక వ్యవస్థ జన్మదోషాలు అనే విస్తృతమైన పేరు ఎంచుకుంది. జబ్బులను పది పట్టికలుగా విడదీసింది.

పట్టికలు ఎంత సూక్ష్మమైనా నిర్ధారణ మాత్రం ఇప్పటికీ రక్తకణాలను లెక్కించే మామూలు సీబీసీ పరీక్ష దగ్గరే మొదలవుతుంది. చాలా కేసులు చేజారేదీ అక్కడే. మూడు నెలల పాపకు తెల్లకణాలు 7,000, వాటిలో లింఫోసైట్లు (టీ కణాలు ఈ రకానివే) 22 శాతం అనుకోండి. గుణిస్తే 1,540. రిపోర్టులో పెద్దవాళ్ల కొలమానమే ముద్రించి ఉంటే అది నార్మల్‌గా కనిపిస్తుంది. ఆ వయసులో 3,000 లోపు ఉంటే చాలు, స్కిడ్‌ను అనుమానించాలి. శాతం చూసి వదిలేయకుండా అసలు సంఖ్య లెక్కగట్టడానికి అర నిమిషం చాలు.

రక్తంలోని ప్రధాన యాంటీబాడీని కొలిచే ఐజీజీ పరీక్షదీ ఇదే తంతు. మొదటి నెలల్లో బిడ్డ రక్తంలో ఉండేది చాలావరకు తల్లి ఇచ్చిన ఐజీజీయే కాబట్టి నార్మల్ వచ్చినంత మాత్రాన ధీమా పనికిరాదు. దాతల యాంటీబాడీలైన ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాక నమూనా తీస్తే కనిపించేది దాతలది. నమూనా ముందే తీయాలి. కణాలను రకాలవారీగా లెక్కించే ఫ్లో సైటోమెట్రీలో టీ కణాలు కనిపించినా అవి తల్లి నుంచి వచ్చినవి కావచ్చు; కొత్తగా పుట్టిన టీ కణాలను విడిగా లెక్కించాలి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపలేని క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్‌కు చేసే డీహెచ్‌ఆర్ పరీక్షకు గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉన్న ట్యూబులో రక్తం తీసి, వీలైతే 24 గంటల్లో, ఆరోగ్యవంతుడి నమూనాతో కలిపి పంపాలి. ఆలస్యమైతే న్యూట్రోఫిల్స్ చచ్చిపోయి, లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది.

ఇవేవీ చేయకుండా నేరుగా జన్యు పరీక్షకు వెళ్తే ‘అర్థం తేలని మార్పు’ అన్న రిపోర్టుతో కుటుంబం చిక్కుకుపోతుంది. కణాల పరీక్ష తోడైతేనే ఆ మార్పుకు అర్థం తెలుస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. బీసీజీ పుట్టగానే వేస్తారు. స్కిడ్ బిడ్డలో ఆ బతికున్న సూక్ష్మజీవే ఒళ్లంతా పాకవచ్చు. టీకా చోట మానని పుండు, చంకలో పెరిగే గడ్డ ఉంటే వెంటనే లింఫోసైట్లు చూడాలి. అమెరికాలో 2008లో విస్కాన్సిన్‌తో మొదలైన, కొత్త టీ కణాల ఆనవాళ్లను కొలిచే ట్రెక్ పరీక్ష, మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతోనే స్కిడ్‌ను పసిగడుతోంది. 2018 నాటికి అన్ని రాష్ట్రాలకూ చేరింది. మన దేశంలో దాన్ని అందరు శిశువులకూ చేసే జాతీయ కార్యక్రమం లేదు. కాబట్టి కుటుంబ చరిత్రే ఆధారం. తల్లి అన్నదమ్ములు పసితనంలో పోయారా అని అడగాలి. మేనరికమైతే తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే రకాలనూ గుర్తుంచుకోవాలి.

అరుదైన వ్యాధుల జాతీయ విధానం, 2021లో ఈ జబ్బులకు చోటు దక్కింది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ ఆ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రం. అనుమానం వచ్చాక రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే వాడాలి. బిడ్డ దక్కదనిపించినా ఈడీటీఏ ట్యూబులో కొంచెం రక్తం తీసి డీఎన్‌ఏ భద్రపరచాలి. లోపం ఏ జన్యువులో ఉందో తేలితే, తర్వాతి కాన్పులో 11వ వారం నుంచే గర్భస్థ శిశువుకు పరీక్ష చేయించుకునే వీలు ఆ తల్లికి ఉంటుంది.