మిడి గిటార్ పికప్ ఎత్తు, తీగల ఎత్తు: అపోహలు - వాస్తవాలు

“మాస్టారూ, కన్వర్టర్ పోయిందంటున్నారు. కొత్తది కొనక తప్పదా?” అని గాజువాక నుంచి వచ్చిన ఒక యువకుడు గత నెల నన్ను అడిగాడు. అతడు చర్చి ఆరాధనలో గిటార్ వాయిస్తాడు. వేణువు, వయొలిన్ల బృందం వంటి ధ్వనులను కూడా గిటార్ మీదనే పలికించాలన్న కోరికతో, జీతంలో కూడబెట్టిన సొమ్ము పెట్టి ఒక హెక్సాఫోనిక్ పికప్‌నూ, సింథ్ యూనిట్‌నూ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. ఈ పికప్ ఆరు తీగల కంపనాన్నీ విడివిడిగా సంకేతంగా అందిస్తుంది. కన్వర్టర్ ఆ సంకేతం నుంచి స్వరాన్ని గుర్తించి మిడిలోకి, అంటే వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డిజిటల్ భాషలోకి, మారుస్తుంది. సింథ్ ఆ స్వరాన్ని మనం కోరిన వాద్యపు ధ్వనితో పలికిస్తుంది. ఒక్కసారి మీటితే రెండు మూడు స్వరాలు పలుకుతున్నాయి. కొన్నిసార్లు స్వరం ఉన్నట్టుండి పై స్థాయికి ఎగిరిపోతోంది. గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టి, అన్నిటికంటే మందమైన ఆరో తీగను చిట్టచివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర నొక్కి చూశాను. తీగ పికప్ మీద ఆనుకొని ఉంది. మధ్యలో కాగితం ముక్క కూడా దూరలేదు. పికప్‌ను ఇంత పైకి ఎందుకు లేపావని అడిగితే, “ఎంత దగ్గరైతే అంత వేగంగా ట్రాక్ చేస్తుందని, అంటే స్వరాన్ని పట్టుకుంటుందని, అందరూ అంటున్నారు కదండీ” అన్నాడు. కన్వర్టర్‌కు ఏ లోపమూ లేదు. రెండు స్క్రూలు తిప్పి, సెన్సిటివిటీ (ఒక్కొక్క తీగ సంకేతాన్ని యూనిట్ ఎంత పెంచి తీసుకోవాలన్న అమరిక) మళ్ళీ సరిచేసి పంపించాను. అప్పటికే అతడు మరొక యూనిట్‌కు అడ్వాన్సు కట్టేశాడు.

ఇటువంటి గిటార్లు నా బల్ల మీదికి తరచుగా వస్తూనే ఉంటాయి. అందుకే ఈ అపోహనూ, దానికి తోడైన మరొకదాన్నీ విడమరచి చెప్పదలచుకున్నాను.

అపోహ: పికప్ తీగకు ఎంత దగ్గరగా ఉంటే మిడి అంత వేగంగా స్పందిస్తుంది.

వాస్తవం: పికప్ ఎత్తు వల్ల మారేది సంకేతం బలమే గాని వేగం కాదు. తీగ ఏ స్వరంలో మోగుతోందో తెలుసుకోవాలంటే కన్వర్టర్ ఆ తీగ కంపనాన్ని కనీసం ఒక పూర్తి చుట్టు చూడాలి. చాలా యూనిట్లకు ఒకటి కంటే ఎక్కువే కావాలి. మామూలు ట్యూనింగ్‌లో ఆరో తీగ సెకనుకు 82.4 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క చుట్టుకు 12 మిల్లీసెకన్లు పడుతుంది. మొదటి తీగ 329.6 సార్లు కంపిస్తుంది కనుక దానికి 3 మిల్లీసెకన్లు చాలు. మందపు తీగలు ఆలస్యంగా, సన్నపు తీగలు చురుకుగా పలికినట్లు అనిపించడానికి మూలం ఇదే. పికప్‌ను తీగకు అతికించినా ఆరో తీగ సెకనుకు 82 సార్లే కంపిస్తుంది తప్ప, మన తొందర చూసి తన కంపనాన్ని పెంచుకోదు. ఆ ఆలస్యం ఎంతటిదో తెలియాలంటే, 12 మిల్లీసెకన్లలో శబ్దం గాలిలో దాదాపు నాలుగు మీటర్లు ప్రయాణిస్తుందని గుర్తుంచుకోండి. స్టేజీ మీద ఆంప్‌కు నాలుగు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవారు రోజూ అంతే ఆలస్యంతో వాయిస్తున్నారు. బేస్ గిటార్ ధ్వని కావలసినవారు ఆరో తీగతో కుస్తీ పట్టే బదులు, అదే వరుసను ఒక స్థాయి పైన సన్నపు తీగల మీద వాయించి, సింథ్‌లో ఆ ధ్వనిని ఒక ఆక్టేవ్ (స్థాయి) దించుకుంటే ఆలస్యం సగానికి సగం తగ్గుతుంది. అసలైన ఉపాయం అది. స్క్రూడ్రైవర్‌తో అవసరమే లేదు.

మరీ దగ్గరగా పెడితే జరిగే నష్టం మాత్రం చాలా ఉంది. గట్టిగా మీటినప్పుడు తీగ వెళ్ళి పికప్‌ను తాకుతుంది, ఆ ‘టిక్’ చప్పుడును కన్వర్టర్ మరో మీటుగా లెక్కిస్తుంది. తాకకపోయినా సంకేతం పరిమితిని మించిపోవడం వల్ల మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే బలంతో స్వరం పలుకుతుంది, పాటలో ఉండవలసిన ఒదుగులన్నీ పోతాయి. ఈ పికప్ బిగించే బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) దగ్గర అయస్కాంతపు లాగుడు తక్కువే అయినా, తీగ దాదాపు దాని మీదే ఉన్నప్పుడు అది కూడా కంపనాన్ని కలత పెడుతుంది.

ఇది విని భయపడి పికప్‌ను పూర్తిగా కిందికి దించేసేవారూ ఉన్నారు. అదీ తప్పే. హెక్సాఫోనిక్ పికప్‌లో ఒక్కొక్క తీగకు ఒక్కొక్క సెన్సర్ ఉంటుంది. తీగ దూరమైన కొద్దీ సొంత తీగకూ పక్క తీగకూ మధ్య ఆ సెన్సర్‌కు తేడా తగ్గిపోతుంది. అప్పుడు సంకేతం చాలడం లేదని సెన్సిటివిటీ పెంచితే, సొంత తీగతో పాటు పక్క తీగ చప్పుడు కూడా పెరుగుతుంది. నాలుగో తీగను మీటితే ఐదో తీగ స్వరం కూడా పలుకుతోందని వచ్చే ఫిర్యాదులలో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే.

కొలత విషయానికి వస్తే, రోలాండ్ జీకే-3 వంటి విడిగా బిగించే పికప్‌కు చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టినప్పుడు తీగకూ పికప్‌కూ మధ్య 1 మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. “నొక్కి పట్టినప్పుడు” అన్న మాటను దయచేసి దాటవేయకండి. తీగను వదిలేసి కొలిచి, 1 మిల్లీమీటరు ఉందని సంతోషించి, పై ఫ్రెట్లలో వాయించేటప్పుడు తీగ పికప్‌కు తగులుతోందని వచ్చేవారిని ఎందరినో చూశాను. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడే తీగ పికప్‌కు అతి దగ్గరగా వస్తుంది కనుక అక్కడ కొలిస్తేనే ఆ కొలతకు అర్థం ఉంటుంది.

కొలవడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. బైకు మెకానిక్‌లు ట్యాపెట్ సెట్టింగ్‌కు వాడే ఫీలర్ గేజ్ ఉంటే దాని రేకులు రెండు మూడు కలిపి 1 మిల్లీమీటరు చేసుకోవచ్చు. అదీ లేకపోతే ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటరు, దాని మీద మామూలు ప్రింటర్ కాగితాలు రెండు పెడితే దాదాపు 1 మిల్లీమీటరు అవుతుంది. ముందు ఆరో తీగను చివరి ఫ్రెట్‌లో ఎడమ చేతి వేలితో నొక్కి ఉంచి, కార్డూ కాగితాలూ కలిపి తీగ కింద జరపండి. అవి తీగను పైకి లేపకుండా, అలాగని వదులుగా ఆడకుండా, తీగను రాసుకుంటూ జరగాలి. సరిపోకపోతే ఆ వైపు స్క్రూను పావు చుట్టుకు మించకుండా తిప్పి మళ్ళీ చూడండి. తర్వాత మొదటి తీగ వైపు అదే పని చేయండి. అటు తిప్పినప్పుడు ఇటు కొలత కొద్దిగా మారుతుంది కనుక మళ్ళీ ఆరో తీగకు రావలసిందే. రెండు వైపులా కుదిరాక మూడు, నాలుగు తీగలను కూడా చూడండి. ఫింగర్‌బోర్డు వంపుకూ పికప్ వంపుకూ పొత్తు కుదరని గిటార్లలో మధ్య తీగలు దూరంగా మిగిలిపోతాయి, ఆ తేడాను ఆయా తీగల సెన్సిటివిటీతో సరిదిద్దుకోవాలి. ఎత్తు కుదిరిన తర్వాతే సెన్సిటివిటీ జోలికి వెళ్ళాలి. ఒక్కొక్క తీగను మీరు పాటలో మీటే అత్యంత గట్టి మీటుతో మీటి, సంకేతం బలాన్ని చూపే యూనిట్ మీటరు చివరి గడికి కొంచెం ఇవతలే ఆగేలా పెట్టుకోండి.

ఈ పాఠం నేను కష్టపడి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం రాజమహేంద్రవరంలో ఒక కచేరీకి ముందు, సౌండ్ చెక్‌లో వేణువు ధ్వని కొంచెం బలహీనంగా వినబడిందని, పికప్‌ను రెండు వైపులా అర చుట్టు లేపాను. కార్డు పెట్టి చూసుకునే ఓపిక ఆ క్షణంలో లేకపోయింది. ఆ రాత్రి నెమ్మదిగా సాగే పాటలో, గాయని ఊపిరి తీసుకునే చోట నేను పలికించవలసిన ఒకే ఒక్క స్వరం ఒక ఆక్టేవ్ పైన చిట్లి పలికింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆ స్వరం ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. అప్పటి నుంచి సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ కొలతను గిటార్ కేసులో ఉంచిన చిన్న పుస్తకంలో తేదీతో సహా రాసుకుంటున్నాను.

రెండో అపోహ: తీగలు ఎంత కిందికి ఉంటే అంత సులువుగా వాయించవచ్చు, కాబట్టి మిడికి కూడా అదే మేలు.

వేళ్ళకు సులువే, కన్వర్టర్‌కు కాదు. తీగ ఫ్రెట్లకు రాసుకొని వచ్చే జివురు శబ్దాన్ని మన చెవి పట్టించుకోదు. ఆంప్ ధ్వనిలో అది కలిసిపోతుంది. కన్వర్టర్ మాత్రం ఆ జివురును కూడా స్వరంగా వెతుకుతుంది. లేని స్వరాలు పలకడానికీ, పట్టిన స్వరం మధ్యలో తెగిపోవడానికీ అదే కారణం. పరీక్ష చాలా తేలిక. కేబుల్ తీసేసి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్‌లోనూ గట్టిగా మీటి వినండి. ఎక్కడ జివురు వినబడిందో అక్కడ మిడి తడబడుతుంది. మిడి కోసం వచ్చే గిటార్లకు 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగను 2 మిల్లీమీటర్లకూ, మొదటి తీగను 1.6 మిల్లీమీటర్లకూ తగ్గకుండా ఉంచుతాను. మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే బిగింపు) బిగించి చివరి ఫ్రెట్ నొక్కి పట్టినప్పుడు ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర పావు మిల్లీమీటరు సందు ఉండేలా ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ) చూసుకుంటాను. ఈ పనులన్నీ, ఇంటొనేషన్‌తో (అన్ని ఫ్రెట్లలోనూ శ్రుతి కుదిర్చే పనితో) సహా, పికప్ ఎత్తు కంటే ముందే పూర్తి కావాలి. సాడిళ్ళను (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే చిన్న దిమ్మలను) లేపితే పికప్ సందు పెరుగుతుంది, దించితే తగ్గుతుంది కాబట్టి, ముందు పికప్ సరిచేసి తర్వాత యాక్షన్ (తీగల ఎత్తు) మార్చినవారి శ్రమ అంతా వృథాయే.

మిగిలినవి త్వరగా చెబుతాను. నైలాన్ తీగల గిటార్‌కు అయస్కాంతపు హెక్సాఫోనిక్ పికప్ పనిచేయదు. వాటికి సాడిల్‌లో ఉండే పియెజో (తీగ ఒత్తిడిని సంకేతంగా మార్చే సెన్సర్) కావాలి, అందులో ఇలా స్క్రూతో సరిచేసే ఎత్తు ఉండదు. అకౌస్టిక్ గిటార్ కంచు చుట్టు తీగలు కూడా సరిపడవు, పైచుట్టుకు అయస్కాంత గుణం లేక లోపలి ఉక్కు తీగ ఒక్కటే వినబడుతుంది. మందపు తీగలు వేస్తే ట్రాకింగ్ వేగం పెరుగుతుందన్నది వట్టి పుకారు: మందం మారినా స్వరం మారదు, స్వరం మారనిదే చుట్టుకు పట్టే కాలమూ మారదు. స్వరాన్ని లాగి గమకం పలికిస్తే అపశ్రుతి వస్తోందని పికప్‌ను కదిలించేవారు, ముందు కన్వర్టర్‌లోనూ సింథ్‌లోనూ పిచ్ బెండ్ పరిధి (స్వరాన్ని ఎన్ని అర స్వరాల దాకా లాగవచ్చన్న అమరిక) ఒకే అంకెలో ఉందో లేదో చూడాలి. ఒకవైపు 12, మరోవైపు 2 ఉంటే ఏ స్క్రూ తిప్పినా శ్రుతి కుదరదు. తుప్పు పట్టిన తీగల మీద మాత్రం ఏ కొలతా నిలవదు. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి గిటార్‌కూ మొదట కొత్త తీగలు వేయమంటాను. అది డబ్బు కోసం అనుకొని నొచ్చుకున్నవారికి పాత తీగతోనూ కొత్త తీగతోనూ మీటరు చూపిస్తాను.

పికప్ చెడిపోయిందేమోనని రాత్రుళ్ళు నిద్ర పట్టక ఫోన్ చేసేవారికి ఒక మాట. మీరు తిప్పింది ఎత్తు స్క్రూ మాత్రమే అయితే మీరు దేన్నీ పాడు చేయలేదు. వెనక్కి తిప్పితే అది మునుపటి చోటికే వస్తుంది. పుకార్లు విని సోల్డరింగ్ ఐరన్ పట్టుకోకుండా ఉంటే చాలు.

విశాఖ వంటి తీర పట్టణాలలో ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. వానలు మొదలయ్యాక గాలిలో తేమకు మెడ కర్ర ఉబ్బుతుంది, వంపు మారుతుంది, దానితో తీగల ఎత్తూ పికప్ సందూ మారతాయి. ఏప్రిల్‌లో చక్కగా పలికిన గిటార్ జులైలో తడబడితే యూనిట్‌ను అనుమానించకముందే ఆ కార్డునూ రెండు కాగితాలనూ బయటికి తీసి, చివరి ఫ్రెట్‌ను నొక్కి, ముందు ఆరో తీగ దగ్గర, తర్వాత మొదటి తీగ దగ్గర మరొకసారి కొలవండి.