సీటు కింద నిజంగా ఎంత చోటుంది? క్యాబిన్ బ్యాగుల మీద అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి ముందు వారం బెంగళూరు ఎయిర్‌పోర్టులో రాజమండ్రి, విజయవాడ, విశాఖ ఫ్లైట్ల గేట్ల దగ్గర బోర్డింగ్ పిలవకముందే లైను కట్టేస్తారు. సీటు నంబరు చేతిలో ఉంది, ఆ సీటు ఎక్కడికీ పోదు. తొందరంతా సీట్ల పైన సామాను పెట్టే అరలో, అంటే బిన్‌లో చోటు కోసమే. ఆ భయంలో నిజం ఉంది. కానీ దాని చుట్టూ పేరుకున్న అపోహల వల్ల మందుల సంచి పోగొట్టుకునేవాళ్లు, గేటు దగ్గర డబ్బు కట్టేవాళ్లు, మూడు గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లల దగ్గరికి వచ్చి వెళ్లే పెద్దవాళ్లే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

అపోహ: నా సీటు మీదున్న బిన్ నాదే.

టికెట్‌తో మీకు దక్కేది ఒక సీటు, చెప్పిన బరువులో ఒక బ్యాగు తెచ్చుకునే వీలు. బిన్‌లో ఫలానా చోటు ఫలానావారిదని ఎక్కడా రాసి ఉండదు. పైగా మొదటి వరుసల్లో, చివరి వరుసల్లో కొన్ని బిన్లలో ఆక్సిజన్ సిలిండర్, మంటలార్పే సిలిండర్, పొగ మాస్కులు, మెగాఫోన్ ఉంటాయి. అవి కదిలించకూడనివి. ఒకటో వరుసకి ముందు సీటు ఉండదు కాబట్టి వాళ్ల చిన్న సంచి కూడా పైకే ఎక్కాలి. ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుసల్లో టేకాఫ్, ల్యాండింగ్ సమయంలో కింద ఏమీ ఉంచనివ్వరు, అవీ పైకే. ఆ వరుసల చుట్టుపక్కల కూర్చునేవారికి బిన్ ముందే నిండిపోయి కనిపించడానికి కారణం ఇదే. కాళ్లు చాపుకోవచ్చని ఎగ్జిట్ సీటుకి అదనంగా డబ్బు కట్టేవారు ఈ సంగతి కూడా లెక్కలో పెట్టుకోవాలి.

అపోహ: సీట్లు దగ్గరగా బిగించారు, అందుకే కింద బ్యాగు పట్టడం లేదు.

ఇది సగమే నిజం. ఒక సీటు మీద ఒక చోటు నుంచి ముందు సీటు మీద సరిగ్గా అదే చోటు దాకా ఉండే దూరాన్ని పిచ్ అంటారు. మన దేశీయ ఎకానమీలో ఇది ఎక్కువగా 28 నుంచి 30 అంగుళాలు. 30 వరుసల ఎయిర్‌బస్ ఎ320 విమానంలో వెనక టాయిలెట్లను, గ్యాలీని (వంటసామాను ఉంచే చోటుని) కుదించి, వరుసల మధ్య కొద్దికొద్దిగా మిగుల్చుకుని 31వ వరుస పెట్టారు. 180 సీట్లు 186 అయ్యాయి. దీంతో తగ్గింది మోకాళ్ల చోటు, బ్యాగు తోయడానికి వంగే చోటు. సీటు కింద ఎత్తు, వెడల్పు మాత్రం పిచ్‌ని బట్టి మారవు.

మరి ఆ ఎత్తునీ వెడల్పునీ తినేస్తున్నదేమిటి? సీటు కాళ్లు, లైఫ్ జాకెట్ సంచి, బ్యాగు ముందుకు జారకుండా ఆపే ఇనుప కడ్డీ, వాటికి తోడు ఇప్పుడు కరెంటు పెట్టెలు. సీటు వెనక టీవీ ఉన్నా, ఛార్జింగ్ సాకెట్ ఉన్నా దాని తాలూకు పెట్టె ఎక్కడో ఒకచోట బిగించాలి కదా. చాలా విమానాల్లో అది సీటు కిందే ఉంటుంది, లావుపాటి నిఘంటువంత. మూడు సీట్లకీ కలిపి ఒక్క పెట్టె ఉన్నప్పుడు అది ఎవరి ముందుంటే వారికే నష్టం, పక్కవారికి ఏమీ తేడా తెలియదు. బెంగళూరు నుంచి దూరదేశాలకు వెళ్లే పెద్ద విమానాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. కొత్త తరం పరికరాల్లో పెట్టెలు చిన్నవయ్యాయి, కొన్నింటిలో పోయాయి కూడా.

ఆ పెట్టె ఉన్నచోట బ్యాగుని కాలితో తన్ని తోయకండి. పక్కనుంచి వచ్చే కేబుల్ కనెక్టర్ వంగితే ఆ వరుస మొత్తానికి తెర ఆరిపోవచ్చు. అలాగే ఎత్తైన బ్యాగుని కుక్కితే లైఫ్ జాకెట్ సంచి ఊడి వస్తుంది.

అపోహ: కింద చోటు మూడు సీట్లకీ సమానమే.

ఎ320లోనైనా బోయింగ్ 737లోనైనా మూడు సీట్ల బల్లకి కాళ్ల చట్రాలు రెండే. అవి నేలలోని పట్టాల మీదే కూర్చోవాలి, ఇష్టం వచ్చినచోట కాదు. ఆ రెండు చట్రాల మధ్య వెడల్పు సాధారణంగా మధ్య సీటువారికి కలిసొస్తుంది. నడవ పక్క సీటులో ఒక చట్రం అడ్డొచ్చి ఇరుకవుతుంది. కిటికీ పక్క విమానం గోడ కిందికి వంపు తిరుగుతుంది కాబట్టి గట్టి పెట్టె మూల తగులుకుంటుంది, మెత్తని సంచి మాత్రం ఒదిగిపోతుంది. ఎవరూ కోరుకోని మధ్య సీటుకే బ్యాగు సుఖం ఎక్కువన్నమాట.

ఏ సీటైనా ఇబ్బంది లేకుండా ఉండాలంటే మెత్తని బ్యాగు, 40×30×15 సెం.మీ. యూరప్ ఎయిర్‌లైన్ల సంఘం 2025లో తన సభ్య సంస్థల్లో సీటు కింద సంచికి అదనపు డబ్బు లేకుండా కనీసం ఈ కొలతకు హామీ ఇచ్చింది. 20 సెం.మీ. మందం దాకా చాలా సీట్ల కింద నడుస్తుంది. ఇంట్లో ఓ అట్టపెట్టెని ఈ కొలతకి కత్తిరించి, సర్దిన బ్యాగుని అందులోకి జార్చి చూడండి. బలవంతంగా నొక్కితేగానీ దిగకపోతే పైనున్నవి రెండు తీసేయండి.

అపోహ: షాపులో ‘క్యాబిన్ సైజు’ అని ట్యాగు ఉంటే చాలు.

మన ఎయిర్‌లైన్లు ఎక్కువగా చెప్పే లెక్క 7 కిలోలు, మూడు కొలతలూ కలిపి 115 సెం.మీ. అంటే 55+35+25. షాపులో ‘20 అంగుళాలు’ అని రాసింది చాలాసార్లు చక్రాలు లేకుండా పెట్టె ఎత్తు మాత్రమే, అంటే సుమారు 51 సెం.మీ. చక్రాలు, పైన పిడి కలిపితే 55 దాటొచ్చు. గేటు దగ్గర బ్యాగుని దింపి కొలిచే ఇనుప చట్రం చక్రాలను వదిలేసి కొలవదు.

కొనేముందు ఇలా చూడండి. టేపు నేల నుంచి, చక్రాల అడుగు నుంచి మొదలుపెట్టి దించిన పిడి పైదాకా పట్టండి. ముందు జేబులో చార్జర్లు, చున్నీ లాంటివి కుక్కి అప్పుడు మందం కొలవండి. మందం పెంచే జిప్పు ఉంటే అది మూసే ఉండాలి, తెరిస్తే 4-5 సెం.మీ. పెరిగి 25 కాస్తా 30 అవుతుంది. ఖాళీ పెట్టె బరువు కూడా అడగండి. గట్టి షెల్ ట్రాలీ ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలుంటుంది. 7 కిలోల్లో మీ బట్టలకి మిగిలేది నాలుగే. అదే మామూలు బ్యాక్‌ప్యాక్ ఒక కిలో. ఒక రాత్రికి ఊరెళ్లి వచ్చేవారికి ట్రాలీ అవసరం లేదని మా గట్టి అభిప్రాయం.

బ్యాగుల సంఖ్య విషయంలో పౌర విమానయాన భద్రతా బ్యూరో నియమం స్పష్టం: ఒక్కరికి ఒక్క హ్యాండ్ బ్యాగు. ఆడవారి పర్సు, ల్యాప్‌టాప్, గొడుగు, చేతికర్ర, పసిబిడ్డ పాల సామాను లాంటివి మినహాయింపు. 2022లో దీన్ని మళ్లీ కచ్చితంగా అమలు చేయమన్నారు. స్వీట్ల కవరు మినహాయింపులో లేదు.

అపోహ: కొత్త విమానాల్లో బిన్లు పెద్దవి, ఇక సమస్య తీరినట్టే.

బిన్లు పెరిగిన మాట నిజం. ఎయిర్‌బస్ కొత్త బిన్‌లో ఇదివరకు ఐదు పట్టేచోట ఎనిమిది, బోయింగ్ 737 కొత్త బిన్‌లో నాలుగు పట్టేచోట ఆరు ట్రాలీలు పడతాయని తయారీదారుల లెక్క. అయితే షరతుంది. వాటిని పడుకోబెట్టకూడదు, అరలో పుస్తకాల్లా అంచు మీద నిలబెట్టాలి. 25 సెం.మీ. మందమున్న ఎనిమిది బ్యాగులకి 200 సెం.మీ. కావాలి. ఒక్కొక్కటి 30కి ఉబ్బితే అదే పొడవులో ఆరే పడతాయి. జిప్పు పిగిలిపోయేలా సర్దిన రెండు బ్యాగులు వెనకొచ్చే ఒకరి చోటు మింగేస్తాయి. పాత బిన్లలో నిలబెడితే మూత పడదు, చక్రాలు లోపలికి పెట్టి పడుకోబెట్టడమే దారి. ప్రతి బిన్ లోపలా ఎంత బరువు మోస్తుందో ముద్రించి ఉంటుంది, చోటు మిగిలినా ఆ బరువు దాటకూడదు.

అపోహ: చిన్న సంచే కదా, ఒళ్లో పెట్టుకుంటే ఏమవుతుంది?

విమానం అకస్మాత్తుగా ఆగినప్పుడు సామాను ముందుకు ఎంత బలంతో దూసుకొస్తుందో దానికి డిజైన్ ప్రమాణం 9 జి, అంటే బరువుకి తొమ్మిది రెట్లు. 7 కిలోల బ్యాగు ఆ క్షణంలో 63 కిలోల బరువులా తోస్తుంది. ముందు సీటు కింద అడ్డంగా ఉన్న కడ్డీ పని దాన్ని ఆపడమే. ఒళ్లో ఉన్నదాన్ని ఆపేదేమీ ఉండదు. మరో ప్రమాదం బ్యాగు పట్టీ. సగం తలుపులే తెరుచుకున్నా, చీకట్లో, 90 సెకన్లలో అందరూ దిగగలరని నిరూపిస్తేనే విమానానికి అనుమతి. బయటికి వేలాడే పట్టీలో ఒక్కరి కాలు చిక్కుకుంటే వెనక వరుసలన్నీ ఆగిపోతాయి. పట్టీని బ్యాగు కిందికి మడిచి, బ్యాగు పూర్తిగా కడ్డీ వెనక్కి వెళ్లిందో లేదో వంగి చూసుకోండి.

అపోహ: హైదరాబాద్ ఫ్లైట్‌లో పట్టిన ట్రాలీ రాజమండ్రి ఫ్లైట్‌లోనూ పడుతుంది.

బెంగళూరు నుంచి రాజమండ్రి, తిరుపతి, కర్నూలు లాంటి ఊళ్లకు తరచూ నడిచేది ఏటీఆర్ 72. రెక్కల మీద ప్రొపెల్లర్లు, అటు రెండు ఇటు రెండు సీట్లు, మొత్తం 78 దాకా. వెనక తలుపు గుండా ఎక్కుతాం, సామాను గది ముందుంటుంది. పైన బిన్లు చిన్నవి. ఎ320లో ఇబ్బంది లేకుండా దూరిన ట్రాలీ ఇక్కడ మూత పడక నిలిచిపోతుంది. బుకింగ్‌లో విమానం పేరు దగ్గర ఏటీఆర్ అని కనిపిస్తే ట్రాలీ మానేసి మెత్తని సంచి తీసుకెళ్లండి. లేదా మెట్ల దగ్గర అది చేతులు మారుతుందని ముందే సిద్ధపడండి.

అపోహ: గేటు దగ్గర బ్యాగు తీసుకుని సామాను గదిలో వేస్తే వేయనీ, దిగాక ఇస్తారుగా.

అన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. చేతిలో ఉంటుందనుకుని సర్దిన బ్యాగులో మందులు, బంగారం, సర్టిఫికెట్లు, ఇంటి తాళాలు, పవర్ బ్యాంకు ఉంటాయి. వెనక లైను కదులుతుంటే ఆ నిమిషంలో ఏం తీయాలో గుర్తుకు రాదు. పెద్దవాళ్లయితే అడగడానికి మొహమాటపడి అలాగే ఇచ్చేస్తారు.

పవర్ బ్యాంకు కార్గోలోకి వెళ్లకూడదు. అంటుకుంటే అక్కడ చేత్తో ఆర్పేవారుండరు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో నేల మీదున్న ఒక ఎ321 కాలిపోయింది, బిన్‌లో పెట్టిన పవర్ బ్యాంకే కారణం కావచ్చని దర్యాప్తులో తేలింది. కాబట్టి పై బిన్ కన్నా కంటికి కనిపించే చోటే దానికి మేలు. ప్రత్యేక అనుమతి లేకుండా పరిమితి 100 వాట్-అవర్లు. దాని మీద రాసిన ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే తెలుస్తుంది: 20,000 ఎంఏహెచ్ అంటే 74. ఇన్సులిన్ కూడా చేతిలోనే ఉండాలి, ఒకసారి గడ్డకడితే అది పనికిరాదు.

దీనికి విరుగుడు ట్రాలీ లోపల ఒక చిన్న సంచి. ట్రాలీలో అన్నిటికన్నా పైన, ఒకే గుడ్డ సంచిలో రెండు రోజుల మందులు, మందుల చీటీ, కళ్లజోడు, తాళాలు, బంగారం, పవర్ బ్యాంకు, ఫోన్ ఛార్జర్ పెట్టండి. ట్రాలీ గేటు దగ్గర ఇవ్వాల్సొచ్చినా, పై బిన్‌లో పెట్టాల్సొచ్చినా జిప్పు తీసి ఆ ఒక్కటి లాగితే పది సెకన్ల పని. అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే ఇంట్లో ఒకసారి వాళ్ల చేతే తీయించి చూడండి. బ్యాగు ఇచ్చేటప్పుడు ట్యాగు ముక్క తీసుకుని, ‘మెట్ల దగ్గర ఇస్తారా, బెల్టు మీద వస్తుందా?’ అని అడగండి. ఏటీఆర్‌లో రెండూ జరుగుతాయి. అడగకపోతే మెట్ల దగ్గర బ్యాగు మిగిలిపోతుంది, మీరు బస్సెక్కేస్తారు.

చివరగా తినే సామాను.

పూతరేకుల పెట్టెని బిన్‌లో ఎప్పుడూ పెట్టకండి. ఎవరో ట్రాలీ తోస్తారు, పొరలన్నీ పొడైపోతాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, సీటు కింది సంచిలో అన్నిటికన్నా పైన బల్లపరుపుగా ఉంచండి. ఎండు కొబ్బరి చిప్పలు క్యాబిన్‌లోకీ వద్దు, చెక్-ఇన్‌లోకీ వద్దు, తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో అవి ఉన్నాయి. ఆవకాయ చెక్-ఇన్‌లో వెయ్యండి. రాజమండ్రిలో బిగించిన జాడీలో గాలి సముద్రమట్టపు ఒత్తిడిలో ఉంటుంది, విమానంలో ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తుకి తగ్గినంత తగ్గొచ్చు. లోపలి గాలి ఉబ్బి మూత సందుల్లోంచి నూనెని తోసేస్తుంది. జాడీ అంచుదాకా నింపి గాలి తక్కువ ఉండేలా చూసి, మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో విడివిడిగా ముడివేయండి. గాజు సీసా అయితే ఊళ్లోనే ప్లాస్టిక్ జాడీలోకి మార్చేయండి.