రేషన్ కార్డు అడగని అన్నం: బడి భోజనం అర్హత ఎలా మారుతూ వచ్చింది?

ప్రాథమిక పాఠశాలలో పొద్దున్నే హాజరు వేయగానే టీచరు చేసే పని వంటమ్మకు లెక్క చెప్పడం. 32 మంది వచ్చారంటే తలకు 100 గ్రాముల చొప్పున 3 కిలోల 200 గ్రాముల బియ్యం కడిగి ఎసట్లో పోస్తుంది. గుడ్డు పెట్టే రోజైతే 32 గుడ్లు ఉడకేస్తుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు కుళాయి దగ్గర కంచాలు కడుక్కుని వరండాలో వరసగా కూర్చుంటారు. కౌలు రైతు కూతురి పక్కనే సర్పంచి మనవడు కూర్చోవచ్చు. మీ నాన్న సంపాదన ఎంత, ఇంట్లో తెల్లకార్డు ఉందా అని ఏ పిల్లనీ ఎవరూ అడగరు. బడి రిజిస్టరులో పేరుంటే చాలు.

అన్ని దేశాల్లో ఇలా లేదు. అమెరికాలో బడికెళ్లే పిల్లలున్న తెలుగు కుటుంబాలు చాలావరకు బడి భోజనం కోసం నింపమనే ఆదాయం ఫారం చూసే ఉంటాయి. కుటుంబ ఆదాయం అక్కడి పేదరిక రేఖకు 130 శాతం లోపు ఉంటే భోజనం ఉచితం, 185 శాతం లోపైతే తగ్గింపు ధర, ఆపైన పూర్తి ధర. ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు ఆ లెక్క పక్కన పెట్టి అందరికీ ఉచితంగా పెడుతున్నా, ఫారం అడిగే బడులు ఇంకా ఉన్నాయి. మన దగ్గర అర్హత ఇంటిని బట్టి కాకుండా బడిని బట్టి నిర్ణయమైంది. మధ్యాహ్న భోజన పథకంలో అన్నిటికంటే మంచి నిర్ణయం ఇదేనని నా నమ్మకం. అది ఒక్కరోజులో వచ్చింది కాదు.

మొదలు మద్రాసులో. 1920లో నగర కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. జస్టిస్ పార్టీ నాయకుడు, తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబం నుంచి వచ్చినవాడు. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని ఆయన హయాంలో తీర్మానించారు. తలకు రోజుకు అణా మించకూడదని ఖర్చుకు హద్దు పెట్టుకున్నారు. పేదపిల్లలు ఆకలితో బడి మానేస్తున్నారన్నదే కారణం. మరికొన్ని బడులకు విస్తరించాక, 1925లో బ్రిటిష్ ప్రభుత్వం అడ్డుపడింది. ప్రాథమిక విద్య నిధిని తిండికి వాడటానికి వీల్లేదంది. చదువు డబ్బు తిండికెందుకన్న ఆ వాదన తర్వాతా చాలాసార్లు వినిపించింది.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో కామరాజ్ మద్రాసు రాష్ట్రంలో మళ్లీ మొదలుపెట్టారు. 1982లో ఎం.జి.రామచంద్రన్ దాన్ని చాలా పెద్దది చేశారు. మన వైపు పెద్దవాళ్లను కదిలిస్తే కేర్ సంస్థ పంపిన పాలపొడి, గోధుమ నూక ఉప్మా గుర్తు చేసుకుంటారు. విదేశీ సాయం మీద నడిచిన ఆ ఏర్పాటు అన్ని బడులకూ చేరలేదు, కలకాలం నిలవలేదు.

దేశమంతటికీ పథకం వచ్చింది 1995 ఆగస్టు 15న, పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు. మొదట 2,408 బ్లాకుల్లో, రెండు మూడేళ్లలో దేశమంతటా అమలైంది. ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకు వండిన భోజనం పెట్టాలన్నది లక్ష్యం. వంటగది లేదు, వండేవాళ్లు లేరు, వంట ఖర్చు ఎవరిదో తేలలేదు. దాంతో ఎక్కువ రాష్ట్రాలు బియ్యమో గోధుమలో చేతిలో పెట్టి ఊరుకున్నాయి. నెలకు 3 కిలోలు, అదీ హాజరు 80 శాతం ఉంటేనే. అంటే అప్పటి అర్హత హాజరుపట్టీ. జ్వరం వచ్చి వారం పడుకున్నా, పత్తి ఏరడానికి అమ్మతో వెళ్లినా ఆ నెల సంచీ ఖాళీ. బడికి రావడం ఎవరికి అన్నిటికంటే కష్టమో ఆ పిల్లలకే బియ్యం దక్కేది కాదు. వచ్చిన బియ్యమూ ఇంటి కుండలో కలిసిపోయేది. ఐదుగురు తినే ఇంట్లో మూడు కిలోలు ఎన్నాళ్లొస్తాయి? మధ్యాహ్నం బెంచీ మీద కూర్చున్న పిల్ల కడుపు మాత్రం అలాగే కాలేది.

ఈ పరిస్థితిని మార్చింది ఒక కోర్టు కేసు. 2001లో కరువు కాలంలో, ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం మగ్గుతుంటే జనం పస్తులుండటమేమిటని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో ప్రతి పిల్లకూ వండిన భోజనం పెట్టాలి. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలి. ఇందులో పేద అన్న షరతు లేదు, హాజరు శాతం లేదు. ప్రతి పిల్ల అన్నారు, అంతే. ఆ రోజు వచ్చిన పిల్లకు ఆ రోజు అన్నం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వండి పెట్టడం 2003 జనవరిలో మొదలైంది. చాలా ఊళ్లలో డ్వాక్రా సంఘాల మహిళలకు వంట అప్పగించారు. గది లేని చోట చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టి, కట్టెల పొగలో కళ్లు తుడుచుకుంటూ వండారు. బిల్లు వచ్చేదాకా కిరాణా కొట్టులో అప్పు తెచ్చి పప్పు ఉడకేశారు. ఆ అప్పుల టెన్షన్ ఇప్పటికీ పోలేదు. కేంద్రం వంటవాళ్లకు నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం 2009లో నిర్ణయించింది. దాని మీద రాష్ట్రాలు కలిపితేనే మన దగ్గర 3,000 అయింది. ఈ పథకం ఆ ఆడవాళ్ల ఓపిక మీద నడిచిందంటే అతిశయోక్తి కాదు.

2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరో ఉత్తర్వు ఇచ్చింది. వంట ఖర్చు ఎట్టి పరిస్థితుల్లోనూ పిల్లల నుంచీ తల్లిదండ్రుల నుంచీ వసూలు చేయకూడదంది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలంది. దళిత మహిళ వండితే మా పిల్లలు తినరన్న గొడవలు దేశంలో చాలా చోట్ల జరిగాయి. ఒకే పొయ్యి మీద వండింది ఒకే వరసలో తినడం చిన్న విషయం కాదని ఆ గొడవలే చెబుతాయి.

ఆ తర్వాత 2008-09 నాటికి 6, 7, 8 తరగతులూ చేరాయి. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం దీన్ని హక్కు చేసింది. ఇప్పుడు కేంద్రంలో దీని పేరు పీఎం పోషణ్. ఆంధ్రప్రదేశ్‌లో గోరుముద్ద అన్నారు, ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. వచ్చినవాళ్లకు లేదనకుండా అన్నం పెట్టిన గోదావరి తల్లి పేరు కాబట్టి ఇది బాగా అమరింది.

అయితే బడిని బట్టి అర్హత అన్నప్పుడు కొందరు గీత అవతల మిగిలిపోతారు. చట్టం చెప్పేది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల గురించే. ఇంగ్లిష్ మీడియం కోసం కూలి డబ్బుల్లో ఫీజు కట్టి చిన్న ప్రైవేటు బడికి పంపే ఇంటి పిల్లకు ఈ అన్నం లేదు. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం కోటాలో ప్రైవేటు బడిలో సీటు వచ్చిన పేద పిల్లకు చదువు ఉచితం, భోజనం మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవాల్సిందే. బీదరికం చూసి సీటిచ్చిన ప్రభుత్వానికి మధ్యాహ్నం ఆ బీదరికం కనబడకపోవడం నాకు మింగుడుపడదు.

రెండో గీత 8వ తరగతి దగ్గర ఉంది. పథకాన్ని 10వ తరగతి దాకా తీసుకెళ్తామని కేంద్రం ఇచ్చిన మాట 2004 నాటి ఉత్తర్వులోనే నమోదై ఉంది. చట్టం వచ్చేసరికి అది 8వ తరగతి లేదా 14 ఏళ్ల దగ్గర ఆగింది. ఉమ్మడి రాష్ట్రం 2008లో సొంత ఖర్చుతో 9, 10 తరగతులకూ మొదలుపెట్టింది, రెండు రాష్ట్రాలూ దాన్ని కొనసాగిస్తున్నాయి. కానీ ఆ పిల్లలకది చట్టం ఇచ్చిన హక్కు కాదు, ప్రభుత్వం జీవోతో ఇస్తున్నది. హైస్కూలు భోజన రిజిస్టరులో అందుకే 6 నుంచి 8 వాళ్ల లెక్క వేరుగా, 9, 10 వాళ్ల లెక్క వేరుగా రాస్తారు. గిన్నె మాత్రం ఒక్కటే. వంటమ్మ గరిటెకు ఆ తేడా తెలియదు.