విన్సెంట్ చిన్ హత్య: చట్టంలోని ఖాళీ పూడటానికి 27 ఏళ్లు

1983 మార్చి 16న అమెరికాలో మిషిగన్ రాష్ట్రం డెట్రాయిట్‌లోని వేన్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో ఇద్దరికి శిక్ష ఖరారైంది. ఒక యువకుణ్ని బేస్‌బాల్ బ్యాటుతో తలపై కొట్టి చంపామని ఒకడు నేరం ఒప్పుకున్నాడు, రెండోవాడు అభియోగాన్ని వ్యతిరేకించలేదు. జడ్జి చార్లెస్ కాఫ్‌మన్ ఇద్దరికీ మూడేళ్ల ప్రొబేషన్ (జైలు లేకుండా అధికారుల నిఘాలో ఉండటం), 3,000 డాలర్ల జరిమానా, 780 డాలర్ల కోర్టు ఖర్చులు విధించి ఇంటికి పంపేశారు. ఒక్క రోజు కూడా జైలు లేదు. అమెరికాలో ఆసియా మూలాలున్నవారి పౌర హక్కుల పోరాటం గురించి ఎవరు రాసినా ఈ తీర్పు దగ్గర ఆగాల్సిందే. నేటి విద్వేష నేరాల చట్టాలు ఎందుకు ఇలా ఉన్నాయో తెలుసుకోవాలన్నా మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

చనిపోయిన విన్సెంట్ చిన్‌కు 27 ఏళ్లు. చైనాలో పుట్టాడు. 1961లో లిలీ చిన్ దంపతులు దత్తత తీసుకుని అమెరికా తెచ్చుకున్నారు. పగలు ఒక ఇంజనీరింగ్ సంస్థలో డ్రాఫ్ట్స్‌మన్‌గా, వారాంతాల్లో రెస్టారెంటులో వెయిటర్‌గా పనిచేసేవాడు. 1982 జూన్ 28న పెళ్లి జరగాల్సి ఉంది. జూన్ 19 రాత్రి ముగ్గురు స్నేహితులతో కలిసి హైలాండ్ పార్కులోని ‘ఫ్యాన్సీ ప్యాంట్స్’ క్లబ్బుకు వెళ్లాడు. అక్కడ క్రైస్లర్ కార్ల కంపెనీ ప్లాంటులో సూపర్‌వైజర్ రొనాల్డ్ ఎబెన్స్, అతని సవతి కొడుకు మైకేల్ నిట్జ్ ఉన్నారు. నిట్జ్ కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ఇరువర్గాలకూ మాటామాటా పెరిగింది. మీలాంటి వాళ్ల వల్లే మాకు పనుల్లేకుండా పోయాయని ఎబెన్స్ బూతులతో అనడం విన్నానని క్లబ్బులోని ఒక నర్తకి తర్వాత కోర్టులో చెప్పింది.

గొడవ అక్కడితో ముగిసి ఉంటే అది తాగినవాళ్ల కొట్లాటే. కేసుకు ప్రాణం ఆ తర్వాత జరిగినదానిలో ఉంది. క్లబ్బువాళ్లు అందరినీ బయటికి పంపాక నిట్జ్ కారులోంచి బ్యాటు తీశాడు, చిన్ పరుగెత్తాడు. తండ్రీకొడుకులు ఇరవై నిమిషాలకు పైగా కారులో వీధులన్నీ తిరిగారు. దారిలో ఒకడికి 20 డాలర్లిచ్చి, ఆ చైనావాణ్ని వెతకడంలో సాయం చెయ్యమన్నారు. చివరికి ఉడ్‌వర్డ్ అవెన్యూలో ఒక మెక్‌డొనాల్డ్స్ ముందు చిన్ దొరికాడు. నిట్జ్ పట్టుకుంటే ఎబెన్స్ బ్యాటుతో కొట్టాడు. డ్యూటీలో లేకపోయినా అక్కడ సెక్యూరిటీ పని చేస్తున్న ఇద్దరు పోలీసులు దీన్ని కళ్లారా చూశారు. చిన్ కోమాలోకి వెళ్లి జూన్ 23న చనిపోయాడు. పెళ్లికని పిలిచిన బంధువులు అంత్యక్రియలకు వచ్చారు.

ఎబెన్స్ కోపం జపాను మీద, చచ్చిపోయింది చైనావాడు. 1979 చమురు సంక్షోభం తర్వాత తక్కువ పెట్రోలుతో నడిచే జపాను చిన్న కార్లు మార్కెట్టును ముంచెత్తాయి. ప్రభుత్వం 150 కోట్ల డాలర్ల రుణానికి హామీ ఉంటే తప్ప క్రైస్లర్ నిలబడలేకపోయింది. 1982లో మిషిగన్‌లో నిరుద్యోగం 15 శాతం దాటింది. యూనియన్ల పార్కింగ్ స్థలాల్లోకి విదేశీ కార్లను రానిచ్చేవారు కాదు. డాలరు కడితే టొయోటాను సుత్తితో బాదనిచ్చే వేడుకలు నడిచాయి. నాయకులూ, కంపెనీల పెద్దలూ జపానును శత్రువుగా చూపిస్తుంటే, వీధిలో కనబడిన ప్రతి తూర్పు ఆసియా ముఖమూ ఆ శత్రువే అయింది.

దీనికి చాలా పాత వేళ్లున్నాయి. 1854లో కాలిఫోర్నియాలో లింగ్ సింగ్ అనే చైనీయుణ్ని చంపిన కేసులో జార్జ్ హాల్ అనే తెల్లవాడికి ఉరిశిక్ష పడితే, రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సాక్షులు చైనీయులు కాబట్టి తెల్లవాడికి వ్యతిరేకంగా వాళ్ల సాక్ష్యం చెల్లదంది. 1882లో చైనా కూలీలు రాకుండా కేంద్రమే చట్టం చేసింది. అది 1943 దాకా ఉంది. మనవాళ్లకూ ఇదే అనుభవం: 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు చట్టం చెప్పే తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తలుపు తెరుచుకున్నది 1946లో, అదీ భారతదేశానికి ఏడాదికి 100 మంది కోటాతో. ఇంత చరిత్ర ఉన్నా 1982 నాటికి అమెరికా న్యాయవాదుల్లో చాలామంది మనసులో పౌర హక్కులంటే నల్లజాతివారి హక్కులే. చిన్ కేసులో పౌర హక్కుల చట్టాన్ని వాడాలని అడిగినప్పుడు, ఆ చట్టం ఆసియన్ల కోసం కాదని ఉదారవాద న్యాయవాదులే కొందరు వాదించారు.

వేన్ కౌంటీలో కేసు ఎలా నీరుగారిందో మెట్టు మెట్టుగా చూడాలి. మొదట పెట్టింది రెండో స్థాయి హత్య అభియోగం. నేరం ఒప్పుకుంటే అభియోగం తగ్గించే ఒప్పందంలో (ప్లీ బార్గెయిన్) అది హత్య కాని నరహత్యకు దిగింది. దానికీ గరిష్ఠంగా 15 ఏళ్లు జైలు వేయొచ్చు. క్లబ్బు లోపల ఏం మాటలు దొర్లాయో విన్న సాక్షుల్లో చాలామందిని పోలీసులు అడగనేలేదు. అందువల్ల ఫైలులో జాతి ప్రస్తావనే లేదు. శిక్ష ఖరారు చేసే రోజు ప్రాసిక్యూటర్ కోర్టుకే రాలేదు. అప్పట్లో ఆ కౌంటీలో అది మామూలే. తల్లి లిలీ చిన్‌కు కబురే లేదు. జడ్జికి వినిపించింది ఒక్క పక్షం మాటే: పాత నేరాలు లేవు, స్థిరమైన జీవితాలున్నాయి అని. జైలుకు పంపాల్సిన రకం మనుషులు కారని ఆయన తర్వాత సమర్థించుకున్నారు. నేరానికి తగిన శిక్ష కాదు, నేరస్థుడికి తగిన శిక్ష వెయ్యాలన్నది ఆయన వాదం. చనిపోయినవాడి గురించి మాట్లాడేవారు లేని గదిలో ఆ వాదానికి అడ్డేముంటుంది?

1981లోనే భర్తను పోగొట్టుకున్న లిలీ చిన్, చైనీయుల సంక్షేమ సంఘానికి చైనీస్‌లో ఉత్తరం రాసింది. అప్పటిదాకా డెట్రాయిట్‌లో చైనీయుల సంఘం వేరు, జపానీయులది వేరు, కొరియన్లది వేరు, ఫిలిప్పీన్స్‌వారిది వేరు. పాత యుద్ధాల చేదు వల్ల ఒకరి గడప ఒకరు తొక్కనివారూ ఉన్నారు. ఆ మార్చి చివర్లో వీళ్లందరూ కలిసి ‘అమెరికన్ సిటిజెన్స్ ఫర్ జస్టిస్’ అనే సంస్థ పెట్టారు. ఆటో కార్మికురాలిగా పనిచేసి పత్రికా రచయిత అయిన హెలెన్ జియా, న్యాయవాది లీజా చాన్ ముందు నడిచారు. మే 9న డెట్రాయిట్ కెన్నెడీ స్క్వేర్‌లో పెద్ద ర్యాలీ జరిగింది. నల్లజాతి సంఘాలు అండగా నిలిచాయి. ‘ఆసియన్ అమెరికన్’ అనే మాట 1960ల చివర్లోనే విద్యార్థుల నోట పుట్టినా, ఫ్యాక్టరీ కార్మికులూ రెస్టారెంటు యజమానులూ ఇంజనీర్లూ ఒకే బ్యానరు కింద దేశవ్యాప్తంగా కదిలింది ఈ కేసుతోనే.

రాష్ట్రం శిక్ష వేసేశాక మళ్లీ విచారణ ఎలా? అమెరికాలో రాష్ట్రమూ కేంద్రమూ వేర్వేరు సార్వభౌమ అధికారాలు. ఒకే ఘటన రెండు చట్టాలనూ ఉల్లంఘిస్తే రెండు చోట్లా విచారించవచ్చు. దాంతో 1968 పౌర హక్కుల చట్టంతో వచ్చిన 245వ సెక్షన్‌ను బయటికి తీశారు. ఖాళీ ఉన్నది ఈ సెక్షన్‌లోనే.

జాతి కారణంగా దాడి చేశాడని నిరూపిస్తే ఆ సెక్షన్ కింద సరిపోదు. బాధితుడు ఆ సమయంలో చట్టం పేర్కొన్న ఫలానా పని చేస్తున్నాడని, ఆ పని చేస్తున్నందుకే దాడి జరిగిందని కూడా నిరూపించాలి. ప్రభుత్వ బడిలో చేరడం, ఉద్యోగం, జ్యూరీలో కూర్చోవడం, రాష్ట్రాల మధ్య తిరిగే బస్సెక్కడం, హోటలు లేదా వినోదశాల వాడుకోవడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారిని హోటళ్లలోంచీ బస్సుల్లోంచీ తరిమికొట్టిన రోజులను దృష్టిలో పెట్టుకుని రాసిన జాబితా అది. ఆ పరిస్థితికి సరిగ్గా సరిపోయింది కూడా. కానీ చిన్‌ను చంపింది వీధిలో, క్లబ్బు వదిలిన అరగంటకు. కాబట్టి ప్రాసిక్యూషన్ ‘ఫ్యాన్సీ ప్యాంట్స్’ను ప్రజలందరికీ తెరిచిన వినోద స్థలంగా చూపించి, అక్కడ చిన్ కూర్చున్నందుకే దాడి మొదలైందని, వీధిలో జరిగింది దాని కొనసాగింపేనని ఒప్పించాల్సి వచ్చింది. కొడుకును చంపారని ఏడుస్తున్న తల్లికి ఈ తర్కం ఎలా ఉంటుందో ఊహించండి.

1983 నవంబరులో ఫెడరల్ (కేంద్ర) గ్రాండ్ జ్యూరీ, అంటే అభియోగం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం, రెండు అభియోగాలు మోపింది: ఒకటి కుట్ర, రెండోది 245వ సెక్షన్ ఉల్లంఘన. 1984 జూన్‌లో జడ్జి ఆనా డిగ్స్ టేలర్ ముందు విచారణ జరిగింది. కుట్ర నిలబడలేదు. నిట్జ్ రెండింటిలోనూ బయటపడ్డాడు. రెండో అభియోగంలో ఎబెన్స్ దోషి అని జ్యూరీ చెప్పింది, 25 ఏళ్ల జైలు పడింది.

అప్పీలులో అదీ పోయింది. 1986లో ఫెడరల్ అప్పీళ్లు వినే ఆరో సర్క్యూట్ కోర్టు తీర్పును రద్దు చేసి మళ్లీ విచారించమంది. విచారణకు ముందు లీజా చాన్ చిన్ స్నేహితులు ముగ్గురితో మాట్లాడినప్పటి టేపులే అందులో ప్రధానాంశం. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, చెప్పేది ఒకరికొకరికి పొసగాలన్నట్టుగా సాగిన ఆ సంభాషణను డిఫెన్స్ జ్యూరీకి వినిపించాలనుకుంది. కింది కోర్టు ఒప్పుకోలేదు. అది పొరపాటని పై కోర్టు తేల్చింది. సాక్షులు అబద్ధమాడారని దీనర్థం కాదు. పోలీసులు చేయని పనిని సంఘం తన భుజాన వేసుకున్నప్పుడు ఇలాంటి చిక్కే వస్తుంది. సాక్షులను విడివిడిగా, ఒకరు చెప్పింది మరొకరి చెవిన పడకుండా అడగాలి. జవాబు అందించకూడదు. అది మొదటి వారంలోనే పోలీసులు చేసి ఉంటే ఈ టేపుల అవసరమే ఉండేది కాదు.

ప్రచారం ఎక్కువైందని పునర్విచారణను ఒహాయోలోని సిన్సినాటికి మార్చారు. డెట్రాయిట్ కార్ల వ్యాపారం ఎలా కుప్పకూలిందో, ఆ కోపం ఎవరి మీదికి మళ్లిందో అక్కడి జ్యూరీకి సొంత అనుభవం లేదు. 1987 మే 1న ఎబెన్స్ నిర్దోషిగా బయటికొచ్చాడు. సివిల్ దావా రాజీలో 15 లక్షల డాలర్లు కడతానని ఒప్పుకున్నాడు. నిట్జ్ వాటా 50,000. ఎబెన్స్ నెవాడా వెళ్లిపోయాడు. అతను కట్టాల్సింది వడ్డీతో కలిసి తర్వాత 80 లక్షలు దాటింది. లిలీ చిన్ అదే ఏడాది చైనాకు తిరిగి వెళ్లింది, 2002లో మరణించింది.

కేసు ఓడినా దాని దెబ్బకు కొన్ని కదిలాయి. 1985లో మిషిగన్ నేర బాధితుల హక్కుల చట్టం తెచ్చింది. శిక్ష ఖరారు రోజున బాధిత కుటుంబానికి కబురు పంపాలి, వాళ్లు మాట్లాడతామంటే వినాలి. 1988లో అదే రాష్ట్రంలో జాతి పేరుతో బెదిరించడం ప్రత్యేక నేరమైంది. 1990లో విద్వేష నేరాల లెక్కలు సేకరించే కేంద్ర చట్టం వచ్చింది. కానీ మధ్యలో 1987లో న్యూజెర్సీలోని హొబోకెన్‌లో భారతీయుడైన నవ్‌రోజ్ మోదీని కొట్టి చంపారు. పక్కనే జెర్సీ సిటీలో ‘డాట్‌బస్టర్స్’ అని పేరు పెట్టుకున్న ముఠా బొట్టు పెట్టుకునే భారతీయులను వెళ్లగొడతామని బెదిరిస్తున్న రోజులవి.

245వ సెక్షన్‌లోని ఖాళీ మాత్రం అలాగే ఉంది. 1998లో టెక్సస్‌లో నల్లజాతివాడైన జేమ్స్ బర్డ్‌ను ట్రక్కుకు కట్టి ఈడ్చి చంపారు, వయోమింగ్‌లో స్వలింగ సంపర్కుడైన మాథ్యూ షెపర్డ్‌ను చంపారు. ఆ ఇద్దరి పేర్లతో బిల్లు కాంగ్రెస్‌లో ఏళ్ల తరబడి నలిగి, చివరికి రక్షణ ఖర్చుల బిల్లుకు జోడించాక 2009 అక్టోబరు 28న చట్టమైంది. దీనితో 249వ సెక్షన్ వచ్చింది. జాతి, రంగు, మతం, మూల దేశం కారణంగా దాడి జరిగితే చాలు. బాధితుడు ఆ క్షణంలో హోటల్లో ఉన్నాడా, బస్సెక్కుతున్నాడా అన్నది అక్కర్లేదు. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణే దీనికి రాజ్యాంగ బలం. ఇంకో ముఖ్యమైన మాట కూడా చేరింది: అసలు జాతే కానక్కర్లేదు, దాడి చేసినవాడు అనుకున్న జాతి అయినా సరే.

ఆ మాట విలువ తెలుగువాళ్లకు 2017 ఫిబ్రవరి 22న తెలిసింది. కాన్సస్‌లోని ఒలేథ్‌లో ఒక బార్‌లో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ను, ఆయన స్నేహితుడు అలోక్ మాడసానిని ఆడమ్ ప్యూరింటన్ వీసా గురించి నిలదీశాడు. బార్‌వాళ్లు పంపేస్తే తుపాకీతో తిరిగొచ్చి, మా దేశం వదిలిపొమ్మంటూ కాల్చాడు. 32 ఏళ్ల శ్రీనివాస్ చనిపోయారు. అలోక్ గాయపడ్డారు. అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే యువకుడికీ తూటా తగిలింది. ప్యూరింటన్ మిజోరీ పారిపోయి, ఇద్దరు ఇరానీయులను కాల్చానని అక్కడి బార్ ఉద్యోగితో చెప్పుకున్నాడు. ఆమె పోలీసులకు ఫోన్ చేసింది. మళ్లీ అదే తీరు: కోపం ఒక దేశం మీద, తూటా మరో దేశంవాడికి. ఫెడరల్ అభియోగపత్రం బాధితుల అసలు జాతినీ, అతను అనుకున్న జాతినీ రెంటినీ పేర్కొంది. అందువల్ల వాళ్లు ఇరానీయులు కారు కదా అనే వాదనకు చోటు లేకుండా పోయింది. 2018 మేలో రాష్ట్ర కోర్టు హత్యకు యావజ్జీవం వేసింది, 50 ఏళ్ల దాకా పెరోల్ లేదు. ఆగస్టులో ఫెడరల్ కోర్టు కూడా యావజ్జీవం వేసింది.

ఇంకా పూడని ఖాళీలున్నాయి. విద్వేష నేరాల లెక్కలను ఎఫ్‌బీఐకి పంపడం స్థానిక పోలీసులకు నేటికీ తప్పనిసరి కాదు. ఒక ఊరి పేరు పక్కన సున్నా ఉంటే అక్కడ నేరం జరగలేదో, రాయలేదో చెప్పలేం. 249వ సెక్షన్ కింద కేసుకు అటార్నీ జనరల్ (కేంద్ర న్యాయశాఖ అధిపతి) లేదా వారు నియమించినవారి ధ్రువీకరణ కావాలి. ఏ ప్రభుత్వం ఎంత పట్టించుకుంటుందన్నది అక్కడే తేలుతుంది.

విద్వేష నేరాల చట్టం దోషికి శిక్ష వేస్తుంది తప్ప బాధితుడి కుటుంబం వీసాను కాపాడదు. హెచ్1బీ మీద ఉన్న భర్త చనిపోతే భార్య హెచ్4కు ఆధారమే పోతుంది. శ్రీనివాస్ భార్య సునయన దుమాలకు ఇదే ఎదురైంది. ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకున్నాక ఆమెకు తిరిగి పనిచేసుకునే వీలు దొరికింది. అందరికీ అలాంటి చేయూత దొరకదు. దర్యాప్తుకు సహకరించిన బాధితులకూ, హత్యకు గురైనవారి జీవిత భాగస్వాములకూ యూ వీసా అనే దారి ఉంది. దానికి ఐ-918 సప్లిమెంట్ బి అనే ఫారంపై పోలీసులో ప్రాసిక్యూటరో సంతకం చేయాలి. దరఖాస్తు వేసే నాటికి ఆ సంతకం ఆరు నెలలు దాటకూడదు. కాబట్టి మిగతా కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాకే సంతకం అడగడం మేలు. ఏడాదికి ఇచ్చే యూ వీసాలు 10,000. వరుసలో ఉన్నవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ.