కీచుమనే బ్రేకు, గరగరమనే బ్రేకు

సిగ్నల్ దగ్గర కారు కీచుమంటూ ఆగితే పక్కవాళ్లంతా తిరిగి చూస్తారు, నడిపేవాళ్లకి టెన్షన్. కానీ చప్పుడు ఎంత పెద్దగా ఉందో చూసి బ్రేకు ఆరోగ్యం చెప్పలేం. అది ఎలాంటి చప్పుడు, ఎప్పుడు వస్తోంది అన్నదే చూడాలి.

పెడల్ తొక్కగానే కాలిపర్ అనే పట్టకారు లాంటి భాగం రెండు ప్యాడ్లను, అంటే రాపిడి దిమ్మలను, చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప డిస్క్‌కి అటూ ఇటూ అదుముతుంది. టన్ను బరువున్న కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని గతిశక్తి 2 లక్షల జౌళ్లు. కారు ఆగేలోపు అందులో చాలా భాగం ఈ రాపిడిలో వేడైపోతుంది. ఎక్కడో పిసరంత కంపనంగా మారుతుంది. చెవుల్ని హింసించడానికి ఆ పిసరు చాలు.

ప్యాడ్ డిస్క్ మీద ఒకే తీరున జారదు. పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమనేదీ ఇలాగే. డిస్క్, ప్యాడ్ల సహజ కంపనాలు దీనికి తోడైతే వణుకు ఆగకుండా పెరుగుతుంది. కీచు శబ్దం సాధారణంగా 1,000 హెర్ట్జ్‌ల పైనే ఉంటుంది. మన చెవి బాగా పట్టేసే శ్రుతులు కూడా ఆ పైనే, అందుకే అంత చిరాకు. ప్యాడ్ వెనక షిమ్ అనే పల్చటి రేకు పెట్టేది ఈ వణుకును అణచడానికే. ప్యాడ్లు మార్చేటప్పుడు దాన్ని తిరిగి పెట్టకపోతే కొత్త ప్యాడ్లు కూడా అరవొచ్చు.

రాత్రి వాన పడి, పొద్దున మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమని తర్వాత ఆగిపోతే అది డిస్క్ మీది తుప్పు పొర. దాన్ని ప్యాడ్లే గీకేస్తాయి. సడన్ బ్రేకు వేసినప్పుడు టకటకమంటూ పెడల్ కాలి కింద అదిరితే ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, పనిచేస్తోందని అర్థం. భయపడి కాలు తీయకండి.

కొన్ని ప్యాడ్లకు చిన్న స్టీలు రేకు ఉంటుంది. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకు అరిగాక అది డిస్క్‌కి రాసుకుని సన్నగా కూస్తుంది. కంపెనీ వాళ్లు కావాలనే పెట్టిన కూత అది. దాన్ని పట్టించుకోకుండా నడిపితే కొన్నాళ్లకు కూత పోయి, మొద్దుగా గరగర మొదలవుతుంది. అంటే ప్యాడ్ పూర్తిగా అరిగి, వెనకున్న ఇనుప పలక డిస్క్‌ని కోస్తోందన్నమాట. చప్పుడు తగ్గిందని సంతోషించేవాళ్లు ఉంటారు గానీ, అప్పటికి ప్యాడ్లతో పోయేది డిస్క్ దాకా వస్తుంది. ఆపాల్సిన చోట బండి ఆగుతుందన్న నమ్మకం కూడా ఉండదు.

చప్పుడు పోవాలని కొందరు డిస్క్ మీద నూనె చుక్క వేస్తారు. చప్పుడుతో పాటు బ్రేకు కూడా పోతుంది. గ్రీజు పెట్టాల్సింది కాలిపర్ జారే పిన్నులకు, అదీ వేడికి తట్టుకునే రకం.